నీటి గీతకి పైన

రేషన్ డిపో గోడ మీద
బుడమేరు గీసిపోయిన గీత ఇంకా ఉంది,
నా గడ్డం ఎత్తున, టీ మరకలాగా.
దానికి జానెడు పైన
నాగుల్ మీరా బోర్డు వేశాడు,
ఆటోనగర్‌లో లారీ బాడీకి పూయగా మిగిలిన నల్లరంగుతో.
"కింద వేస్తే పిల్లలకి అందుతుంది కదరా" అంటే
"మళ్ళీ నీళ్ళొస్తే బోర్డు మునగకూడదక్కా" అన్నాడు.
పిల్లలకి అందాలని
రెండు ఖాళీ నూనె డబ్బాలు బోర్లించాం.

డిపో ఏడింటికి మూస్తారు.
అరుగు మీద మా బడి ఏడుంపావుకి.
నేనొచ్చేసరికి తొమ్మిది దాటుతుంది.
బీసెంట్ రోడ్డు బట్టల కొట్లో
పన్నెండు గంటలు నిలబడే ఉద్యోగం నాది,
కూర్చుంటే యాభై కోత.
విప్పిన చీరే మళ్ళీ మళ్ళీ మడిచి,
"కొనకపోయినా పర్లేదమ్మా, చూడండి" అని
నవ్వీ నవ్వీ దవడలు లాగుతాయి.
ఇక్కడికొచ్చి చతికిలబడితే
నా పాదాల వాపు చూసి పిల్లలు గప్‌చిప్ అవుతారు.
అదే మా ప్రార్థన.

నిజం చెప్పాలి,
పదిలో లెక్కలు రెండుసార్లు తప్పాను నేను.
తెలుగు చెబుతాను, కాస్త సోషలు.
లెక్కలు మీరావి.
ఇనప రేకుల మీద కొలతలు గీసే తెల్లరాయితోనే
ఇక్కడ త్రిభుజాలు గీస్తాడు.
సైన్సు సారామేరీది, నర్సింగు రెండో ఏడు;
పరీక్షలప్పుడు రాదు, తిట్టుకుంటాం, మళ్ళీ వస్తుంది.
మొదట ఇరవై ఆరుమంది పిల్లలు.
పెళ్ళిళ్ళ సీజను రాగానే పదకొండు,
మిగతావాళ్ళు కేటరింగుకి, ప్లేట్లు ఎత్తడానికి.
ఒకడు చేతుల నిండా బిర్యానీ వాసనతో వచ్చి
ఒత్తుల పాఠంలో నిద్రపోయాడు.
లేపలేదు.

ఒక రాత్రి ఎబినేజరు లేచి నిలబడ్డాడు.
"మా అమ్మ చేతికిచ్చింది ఎనిమిదివేల అయిదొందలు.
రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలంట.
ఇది ఎన్నో పాఠం సార్?"

మీరా మోచేత్తో బోర్డు తుడిచాడు.
అంకెలు వేసుకుంటూ పోయాడు.
జవాబు కింద రెండు గీతలు కొట్టడం వాడి అలవాటు,
కొట్టలేదు.
వెనక చీకట్లో బిందె దించిన చప్పుడు.
కరుణమ్మ. ఎప్పట్నుంచి నిలబడి ఉందో.
"చెరపమాకండి," అంది, "పొద్దున దాకా ఉండనీ."

పొద్దున ఫైనాన్సు అతను బండి ఆపి బోర్డు చదివాడు.
"చంటిపిల్లలకి ఇలాంటి లెక్కలెందుకమ్మా,
ఎక్కాలు చెప్పుకోండి" అన్నాడు, మర్యాదగానే.
అరుగుకి గ్రిల్లు పెట్టిస్తారంట అని కూడా అన్నాడు,
మర్యాదగానే.

అప్పు తగ్గలేదు. ఎవరూ ఎగ్గొట్టలేదు.
కరుణమ్మ రోజూ వంద కడుతూనే ఉంది.
కాకపోతే ఒకనాడు కార్డు మీద గడి గడీ వేలితో తడిమి
"ఇరవై ఏడో తారీకు టిక్కు పడలేదు" అంది.
గట్టిగా అనలేదు. వీధంతా విన్నది.
ఆ వారం తొమ్మిదిమంది ఆడవాళ్ళు
కొంగుల్లో కార్డులు ముడేసుకుని
పిల్లల వెనక కూర్చున్నారు.
పలకలు చాల్లేదు.
కొట్లో చీరల మధ్య పెట్టే అట్టలు
సంచిలో వేసుకొచ్చాను, అడక్కుండానే.

గ్రిల్లు వచ్చింది, నిజంగానే.
బోర్డు లోపల, మేం బయట.
మీరా చువ్వల సందుల్లోంచి చెయ్యి పెట్టి రాస్తాడు,
అక్షరాలు ఒక పక్కకి ఒరుగుతాయి.
దాన్ని వెల్డింగు చేసింది వాళ్ళ షెడ్డే.
కూలికి వాడే చేశాడు.
చివర ఒక చువ్వ సరిగ్గా అతకలేదని
మాకు మాత్రం చెప్పాడు.

ఇవాళ మబ్బు పట్టింది.
నీళ్ళొస్తే ముందు ఏది మోయాలని
పిల్లలు కొట్టుకుంటున్నారు.
గ్యాసుబండ అంటుంది ఒకతె. టీవీ అంటాడొకడు.
ఎబినేజరు చెల్లెలు, ఆరేళ్ళది,
ఊడిన చువ్వ పక్కకి తోసి లోపలికి దూరింది.
గోడకి వీపు ఆనించి, నెత్తి మీద చెయ్యి పెట్టి,
అక్కణ్ణుంచి నీటి గీత దాకా
వేళ్ళతో కొలుస్తోంది.

"ఎన్నొచ్చాయే?" అన్నాను.

"ఉండక్కా,
లెక్క తప్పుద్ది."